మోడల్ విమానం ఇంజన్‌కి సైలెన్సర్ ట్యూన్ చేసుకోవడం ఎలా? నెల్లూరు, ఒంగోలు వాళ్ళ కోసం

సైలెన్సర్ అంటే శబ్దం తగ్గించే డబ్బా అనుకున్నంత కాలం ట్యూనింగ్ కుదరదు. మోడల్ విమానాలకు వాడే, మెథనాల్‌తో నడిచే టూ స్ట్రోక్ గ్లో ఇంజన్లో దానికి ఇంకో రెండు పనులున్నాయి. పొగ ఒత్తిడిలో కొంత ట్యాంకుకు పంపి, ఇంధనాన్ని కార్బురేటర్ వైపు నెట్టేది అదే. కాలిన గ్యాసు సిలిండర్లోంచి ఎంత తేలిగ్గా బయటికి పోవాలో, కొత్త మిశ్రమం లోపల ఎంత నిలవాలో తేల్చేదీ అదే. అందుకని సైలెన్సర్ మీద చెయ్యి వేశారంటే నీడిల్ మీద, అంటే కార్బురేటర్‌కి ఇంధనం ఎంత పోవాలో సరిచేసే స్క్రూ మీద కూడా వెయ్యాల్సిందే. కింద రాసిందంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఆటోనగర్లో ఏ మేస్త్రీ ముందైనా ఈ చిన్న సైలెన్సర్ విప్పి పెట్టండి. ముందు అడిగేది ఇదే: "లోపల ఈ రేకు దేనికబ్బయా? తీసి పారేస్తే ఇంకా లాగుద్ది గదా!" బుల్లెట్ బండ్లకు అలవాటైన చెయ్యి మరి. ఆయన చెప్పింది సగం నిజం. మిగతా సగం తెలియకుండా రేకు తీసేస్తే ఇంజన్ వేడెక్కి గాల్లోనే ఆగిపోతుంది.

ఇక్కడి లెక్కలన్నీ 40, 46 సైజు ఇంజన్లకు, అంటే 6.5 నుంచి 7.5 సీసీ వాటికి. మన దగ్గర నేర్చుకునేవాళ్ళ చేతిలో ఎక్కువగా ఉండేవి ఇవే.

ముందు చోటు చూసుకోండి

ట్యూనింగ్ అంటే ఇంజన్ని మళ్ళీ మళ్ళీ ఫుల్ థ్రాటిల్లో పెట్టడం. మేడ మీదో, వీధిలోనో చేసే పని కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగటిపూట పరిమితి 55 డెసిబెల్స్. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల లోపల 50. బ్రిటన్‌లో మోడల్ విమానాలకు 1982లో పెట్టుకున్న కొలత 7 మీటర్ల దూరంలో 82 డెసిబెల్స్. మంచి సైలెన్సర్ ఉన్న ఇంజన్ ఆ లోపల ఉండాలని దాని అర్థం. దూరం రెట్టింపయిన ప్రతిసారీ ఖాళీ చోట శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 82 నుంచి 55కి దిగాలంటే దాదాపు 160 మీటర్లు కావాలి. అది మంచి సైలెన్సర్ ఉంటేనే. కాబట్టి చివరి ఇంటికి కనీసం పావు కిలోమీటరు దూరం పోయి స్టార్ట్ చేయండి.

నెల్లూరు వైపు పెద్ద పంట కోతలయ్యాక, దాని తర్వాత వేసే ఎడగారు పంట వెయ్యని మాగాణి ఏప్రిల్, మే నెలల్లో గట్టిగా ఎండి ఉంటుంది. ఒంగోలు, కొండపి వైపు పొగాకు రెలుపులు (ఆకు కోతలు) అయిపోయిన చేలు బాగుంటాయి. రైతును అడిగి దిగండి. పక్కన గొడ్లు మేస్తుంటే ఆగండి. ఫుల్ థ్రాటిల్ మోతకు ఒంగోలు గిత్త పలుపు తెంపుకుంటే మీరు పట్టలేరు.

మైపాడు, కొత్తపట్నం బీచ్‌లు చూడ్డానికి బాగుంటాయి కానీ ట్యూనింగ్‌కి పనికిరావు. ప్రొపెల్లర్ లేపే ఇసక నేరుగా కార్బురేటర్లోకే పోతుంది. రొయ్యల చెరువుల దగ్గరా వద్దు. పిట్టలు రాకుండా చెరువు మీద కట్టే దారాలు దూరానికి కనబడవు. ఇక ఎగరేసే ముందు డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్లో ఉందో చూసుకోండి. 2021 డ్రోన్ నియమాలు సరదాకి ఎగరేసే మోడళ్ళకు కొన్ని మినహాయింపులిచ్చాయి కానీ రెడ్ జోన్ మాత్రం అందరికీ రెడ్ జోనే.

సామాను, జాగ్రత్తలు

గట్టి చెక్క స్టాండ్‌కి ఇంజన్ బిగించండి. విమానానికే ఉంచి చేస్తే తోకను ఇంకొకరు పట్టుకోవాలి. కింద టార్పాలిన్ పట్ట పరవండి. చెవులకు మఫ్స్, కళ్ళకు అద్దాలు, ఎలక్ట్రిక్ స్టార్టర్ లేదా రబ్బరు తొడిగిన కర్ర ఉండాలి. లుంగీ, తువ్వాలు, మెళ్ళో తాడు ఏదీ వేలాడకూడదు. ఇంజన్ స్టార్టయ్యాక ప్రొపెల్లర్ వెనక్కి వచ్చి, వెనక నుంచే నీడిల్ తిప్పండి. ముందు నుంచి చెయ్యి చాపితే వేళ్ళు పోతాయి.

ఇంధనంలో ఎక్కువ భాగం మెథనాల్. అది విషం, చూపు పోతుంది, ప్రాణం పోతుంది. పైగా ఎండలో దాని మంట కంటికి కనబడదు. బకెట్ నీళ్ళు పక్కనే పెట్టుకోండి. మెథనాల్ నీళ్ళలో కలుస్తుంది కాబట్టి నీళ్ళు పని చేస్తాయి. నూనె శాతం 18 నుంచి 20 ఉన్న రెడీమేడ్ ఇంధనమే కొనండి. గానుగ దగ్గర ఆముదం చవగ్గా దొరుకుతుంది కదా అని అది కలపొద్దు. జిగురు తీయని ఆముదం సైలెన్సర్ లోపల లక్కలాగా పట్టేస్తుంది.

ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో (ఆర్‌పీఎం) కొలవడానికి ఆప్టికల్ టాకోమీటర్ ఒకటి కావాలి. చెవితో ట్యూన్ చేసేవాళ్ళున్నారు కానీ సైలెన్సర్ మార్చినప్పుడు చెవి మోసం చేస్తుంది. శబ్దం పెరిగితే పవర్ పెరిగినట్టే వినిపిస్తుంది. టాకోమీటర్ సరిగ్గా ఉందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైట్ వైపు పెట్టి, రెండు రెక్కల సెట్టింగ్‌లో చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 3,000 చూపించాలి. విదేశీ మాన్యువల్లో 3,600 అని రాసుంటే కంగారు పడకండి, అక్కడి కరెంటు 60 హెర్ట్జ్.

అతుకు దగ్గర లీకు లేకుండా చూడండి

ట్యూనింగ్ కుదరని ఇంజన్లలో చాలావాటికి జబ్బు నీడిల్లో ఉండదు, సైలెన్సర్ సిలిండర్‌కి అతుక్కునే చోట ఉంటుంది. ఒకసారి నడిపి ఆపి, తెల్ల గుడ్డతో ఆ అతుకు చుట్టూ తుడవండి. నల్లటి నూనె గీతలాగా అంటితే లీకు ఉన్నట్టే. అక్కడ పోయే ఒత్తిడి ట్యాంకుకు అందదు. అందకపోతే మిశ్రమంలో ఇంధనం తగ్గి లీన్ అవుతుంది (ఇంధనం ఎక్కువైతే రిచ్ అంటారు), అదీ ఒక్కోసారి ఒక్కోలాగా.

సైలెన్సర్ విప్పండి. రెండు ముఖాలనూ శుభ్రం చేయండి. అద్దం ముక్క మీద సన్నటి ఎమిరీ పేపరు పరిచి, సైలెన్సర్ ముఖాన్ని దాని మీద ఎనిమిది ఆకారంలో నాలుగుసార్లు రుద్దండి. మెరిసిన చోట ఎత్తు, మెరవని చోట పల్లం అని అక్కడే తెలిసిపోతుంది. ముఖమంతా ఒకేలా మెరిసేదాకా రుద్దితే చాలు. ఇంజన్ వైపు ముఖాన్ని మాత్రం రుద్దకండి, పొడి పోర్టులోకి, అంటే సిలిండర్లోంచి పొగ బయటికొచ్చే రంధ్రంలోకి పోతుంది. తర్వాత వేడికి తట్టుకునే ఆర్‌టీవీ సిలికాన్ని వేలితో పలచగా, అగ్గిపుల్లంత గీత కూడా కాదు, పొరలాగా పూయండి. ఎక్కువైతే లోపలికి కారి పోర్టుకు అడ్డం పడుతుంది. బిగించి ఒక రోజంతా ఆరనివ్వండి.

స్క్రూలు వదులవడం ఈ సైలెన్సర్లకు పుట్టుకతో వచ్చిన గుణం. మామూలు నీలం రంగు త్రెడ్‌లాకర్ ఆ వేడికి మెత్తబడిపోతుంది. స్ప్రింగ్ వాషర్లు వేసి, మొదటిసారి ఇంజన్ వేడెక్కాక ఆపి, ఇంకా వెచ్చగా ఉండగానే అలెన్ కీతో ఇంకోసారి బిగించండి. ముందు భాగం, వెనక భాగం కలిపి ఉంచే మధ్య బోల్టు ఉన్న సైలెన్సరైతే దాన్నీ చూడండి. గాల్లో వెనక భాగం ఊడి పొలంలో పడితే దొరికేది అరుదు.

ట్యాంకుకి పోయే ప్రెషర్ లైను

సైలెన్సర్ మీద చిన్న నిపుల్ ఉంటుంది. అక్కడి నుంచి సిలికాన్ ట్యూబు ట్యాంకు పైభాగానికి పోతుంది. నిపుల్ రంధ్రం మసితో సగం మూసుకుపోయినా ఇంజన్ నడుస్తుంది. అదే దాంతో వచ్చిన చిక్కు. నేల మీద బాగానే ఉండి, ముక్కు పైకెత్తగానే లీనై ఆగిపోతుంది. నిపుల్ విప్పి, సరిపోయే సన్న తీగతో పొడిచి మసి తీయండి. డ్రిల్ పెట్టి రంధ్రం పెద్దది చేయొద్దు.

లైను బాగుందో లేదో తెలియాలంటే ఇంజన్ ఆపి ఉన్నప్పుడు, ట్యూబుని సైలెన్సర్ వైపు ఊడదీసి 20 ఎంఎల్ సిరంజితో మెల్లగా గాలి నొక్కండి. నోటితో ఊదడం మానుకోండి, లోపలున్నది మెథనాల్. కార్బురేటర్ వైపు పోయే ట్యూబులో ఇంధనం బుడగలు లేకుండా కదలాలి. బుడగలు వస్తే ట్యాంకు లోపలి ట్యూబుకి చిల్లైనా ఉంది, మూత దగ్గర లీకైనా ఉంది. ట్యాంకు మధ్య గీత, కార్బురేటర్లో ఇంధనం చిమ్మే చోటు ఒకే ఎత్తులో ఉండాలి, లేకపోతే ట్యాంకు ఒక సెంటీమీటరు కిందికి ఉండొచ్చు. ట్యాంకు మరీ ఎత్తులో ఉంటే సైలెన్సర్ ఎంత ట్యూన్ చేసినా ఐడిల్ (థ్రాటిల్ తగ్గించినప్పుడు ఇంజన్ మెల్లగా నడవడం) రిచ్‌గానే ఉంటుంది.

మీది పెట్రోలు ఇంజనైతే సిలికాన్ ట్యూబు వాడకండి, పెట్రోలుకి అది ఉబ్బుతుంది. టైగాన్ ట్యూబు కావాలి. చాలా పెట్రోలు ఇంజన్లలో కార్బురేటర్‌కే పంపు ఉంటుంది కాబట్టి ఈ ప్రెషర్ లైను గొడవే ఉండదు.

మార్పులకు ముందు ఒక లెక్క రాసుకోండి

కంపెనీ సైలెన్సర్‌తో, రేకు లోపలే ఉంచి, మొదట ఒక బేస్ రీడింగ్ తీసుకోవాలి. తర్వాత చేసే ప్రతి మార్పునీ దీంతోనే పోల్చాలి. 46 ఇంజన్‌కి 11 బై 6 ప్రొపెల్లర్ (11 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల పిచ్, అంటే ఒక చుట్టుకి ముందుకు పోయే దూరం) వేయండి. మెయిన్ నీడిల్ మాన్యువల్లో చెప్పినన్ని తిప్పులు తెరవండి. మాన్యువల్ లేకపోతే రెండున్నర, మూడు తిప్పులతో మొదలుపెట్టండి. స్టార్ట్ చేసి ఓ నిమిషం వేడెక్కనివ్వండి.

ఫుల్ థ్రాటిల్ ఇచ్చి నీడిల్ని ఒక్కో క్లిక్ మూస్తూ రండి. ప్రతి క్లిక్ తర్వాత నాలుగైదు సెకన్లు ఆగాలి, ఇంజన్ వెంటనే చెప్పదు. ఆర్‌పీఎం పెరుగుతూ పెరుగుతూ ఒకచోట ఆగుతుంది. ఆ అంకె రాసుకోండి. అక్కడే వదిలేయకుండా 300 నుంచి 500 తగ్గేదాకా నీడిల్ మళ్ళీ తెరవండి. పొగ గీత సన్నగా, కానీ ఖచ్చితంగా కనబడాలి. ఇప్పుడు విమానాన్ని ముక్కు ఆకాశం వైపు ఎత్తి పట్టుకోండి. ఆర్‌పీఎం కొంచెం పెరిగితే మంచిదే. తగ్గి మూలిగితే ఇంకా లీన్‌గా ఉంది, రెండు క్లిక్‌లు తెరవండి.

నోటు పుస్తకంలో తేదీ, వేళ, ఎండ ఎంత, ప్రొపెల్లర్ సైజు, నీడిల్ తిప్పులు, పీక్ ఆర్‌పీఎం రాయండి. చిరాకుగా ఉంటుంది కానీ ఇది లేకుండా చేసేది ట్యూనింగ్ కాదు, విప్పడం బిగించడం.

లోపలి రేకు తీయాలా వద్దా?

ఇప్పుడు మేస్త్రీ ప్రశ్నకు వద్దాం. చాలా సైలెన్సర్లలో ముందు గది నుంచి వెనక గదికి పొగ పోయే దారిలో చిల్లులున్న రేకు ఒకటి ఉంటుంది. ఓఎస్ 46 ఏఎక్స్ సైలెన్సర్ లాంటివాటిలో దాన్ని విప్పి తీసేయొచ్చు. తీస్తే పొగకు అడ్డం తగ్గి, పీక్ ఆర్‌పీఎం కొన్ని వందలు పెరుగుతుంది. మేస్త్రీ చెప్పిన సగం నిజం ఇదే.

మిగతా సగం ఇది. అడ్డం తగ్గితే సైలెన్సర్ లోపలి ఒత్తిడీ తగ్గుతుంది. అంటే ట్యాంకుని నెట్టే బలం తగ్గింది. అదే సమయంలో ఇంజన్ పీల్చే గాలి పెరిగింది. గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ. నీడిల్ పాత చోటే ఉంటే ఇంజన్ లీన్‌గా పరుగెత్తి, పది పదిహేను సెకన్లు అద్భుతంగా వినబడి, తర్వాత ఊపిరి సడలినట్టు దిగిపోతుంది. ఆ అద్భుతం విని సంబరపడి ఎగరేస్తే తిరిగి ఇంజన్‌తో దిగదు. రేకు తీసిన రోజు నీడిల్ని కనీసం అర తిప్పు తెరిచి, పైన చెప్పిన పద్ధతిలో మొదటి నుంచీ సెట్ చేసుకోవాలి. ఐడిల్లో మిశ్రమాన్ని సరిచేసే లో స్పీడ్ నీడిల్ కూడా చూసుకోవాలి. ఐడిల్లో ఇంధనం ట్యూబుని కార్బురేటర్ దగ్గర రెండు వేళ్ళతో నొక్కి పట్టండి. రెండు మూడు సెకన్లలో ఆర్‌పీఎం కొంచెం పెరిగి ఆగిపోతే సరిగ్గా ఉంది. చాలాసేపు పెరుగుతూ పోతే రిచ్. పెరగకుండానే ఆగితే లీన్.

నన్నడిగితే రేకు తీయొద్దు. ఆ కొన్ని వందల ఆర్‌పీఎం కోసం శబ్దం చెవికి తెలిసేంత పెరుగుతుంది, పొలమిచ్చిన రైతుకు మీ మీద మనసు విరుగుతుంది. పవర్ చాలట్లేదంటే ముందు ప్రొపెల్లర్ మార్చి చూడండి. పైగా మనం వినే మోత అంతా సైలెన్సర్‌దే కాదు. 11 అంగుళాల ప్రొపెల్లర్ 13,000 ఆర్‌పీఎంలో తిరిగితే రెక్క కొస సెకనుకు 190 మీటర్ల వేగంతో పోతుంది. అదే 11 అంగుళాల్లో పిచ్ ఎక్కువున్న ప్రొపెల్లర్ వేసి 11,000కి దింపితే కొస వేగం 161కి వస్తుంది. ఎంత మంచి సైలెన్సరైనా ఆ రెక్క కొస మోతను తగ్గించలేదు.

బయటికి పోయే గొట్టాన్ని ఆకురాయితో పెద్దది చేయడం రేకు తీయడానికి తమ్ముడి వరస. తేడా ఒకటే, రేకు మళ్ళీ పెట్టుకోవచ్చు, రాసిన అల్యూమినియం తిరిగిరాదు. దీనికి ఎదురు పని కూడా కొందరు చేస్తారు, శబ్దం తగ్గాలని గొట్టంలో చిన్న సైజు బుష్ దిగ్గొడతారు. అప్పుడు ఒత్తిడి పెరిగి మిశ్రమం రిచ్ అవుతుంది, వేడి లోపలే నిలుస్తుంది. నీడిల్ మూసి సరిచేసినా వేసవిలో ఇంజన్ తట్టుకోదు.

నూనె రెక్కల మీద పడకుండా సిలికాన్ గొట్టం తొడగాలంటే తొడగండి. దాని లోపలి వ్యాసం సైలెన్సర్ మూతి కన్నా తక్కువ కాకూడదు. ఇంతే.

ట్యూన్డ్ పైప్ వేసుకునేవాళ్ళకు

సైలెన్సర్ ట్యూనింగ్‌లో అసలు రుచి ఇక్కడుంది. మామూలు సైలెన్సర్ పొగను ఆపి వదులుతుంది. ట్యూన్డ్ పైప్ పొగ లేపే ఒత్తిడి అలనే పనిలో పెడుతుంది. పోర్టు తెరుచుకోగానే ఒక అల పైపులో బయల్దేరుతుంది. వెడల్పయ్యే భాగంలో అది వ్యాకోచించి, వెనక్కి పీల్చే అలను పంపుతుంది. ఆ పీల్పుకి సిలిండర్ శుభ్రమై, కొత్త మిశ్రమం కొంత హెడర్ (ఇంజన్‌ని పైపుకి కలిపే గొట్టం) దాకా కూడా వచ్చేస్తుంది. ఆ తర్వాత అల సన్నబడే భాగానికి తగిలి, చెరువులో రాయేస్తే గట్టుకి కొట్టుకుని తిరిగొచ్చే అలలాగా వెనక్కి వస్తుంది. పోర్టు మూసుకునే ముందు సరిగ్గా చేరితే, బయటికి వచ్చిన మిశ్రమాన్ని మళ్ళీ లోపలికి తోస్తుంది. వేళ తప్పితే ఏ ఉపయోగమూ లేదు. ఆ వేళను నిర్ణయించేది పైపు పొడవు.

లెక్క కష్టం కాదు. 360 డిగ్రీల కోణమానిని కాగితం మీద ప్రింట్ తీసి, అట్టకు అంటించి, ప్రొపెల్లర్ నట్టు కింద బిగించండి. తీగతో ఒక ముల్లు పెట్టండి. పిస్టన్ పూర్తిగా పైన ఉన్నప్పుడు సున్నా. సైలెన్సర్ విప్పి పోర్టులోకి చూస్తూ మెల్లగా తిప్పండి. పిస్టన్ అంచు దిగి సన్నటి వెలుతురు గీత కనిపించిన చోట ఒక అంకె, మళ్ళీ మూసుకున్న చోట ఇంకో అంకె. మీ ఇంజన్ 108 దగ్గర తెరుచుకుని 252 దగ్గర మూసుకుందనుకోండి. పోర్టు తెరిచి ఉండేది 144 డిగ్రీలు.

పొగ వేడి దాదాపు 300 డిగ్రీలనుకుంటే అందులో అల సెకనుకు సుమారు 480 మీటర్లు పోతుంది. ఆ వేగంతో సూత్రం ఇలా తేలుతుంది: 40,000ని డిగ్రీలతో గుణించి, ఆర్‌పీఎంతో భాగించండి. వచ్చేది పిస్టన్ నుంచి సన్నబడే భాగం మధ్య దాకా మిల్లీమీటర్లలో పొడవు. 144 డిగ్రీలు, 12,500 ఆర్‌పీఎం అయితే 461 మిల్లీమీటర్లు. పైపులో ముందుకు పోయేకొద్దీ పొగ చల్లబడి అల నెమ్మదిస్తుంది కాబట్టి అసలు సరిపోయే పొడవు సాధారణంగా ఇంతకన్నా తక్కువే ఉంటుంది. మనక్కావాల్సింది అదే. పొడవుతో మొదలుపెట్టి తగ్గించుకుంటూ రావాలి. పైపు పొడవైతే పవర్ కొంచెం తగ్గుతుంది, అంతే. పొట్టిదైతే ఇంజన్ లీనై, వేడెక్కి, ప్లగ్ కాలి, చివరికి పిస్టన్ దాకా వస్తుంది.

పైపు మీ ఇంజన్ సీసీకి తగినదై ఉండాలి. హెడర్‌కీ పైపుకీ మధ్య సిలికాన్ కప్లర్ వేసి స్టీల్ క్లాంపులతో బిగించండి. లోపల రెండు గొట్టాల మూతులూ దాదాపు ఆనుకోవాలి. మధ్యలో సందు ఎక్కువుంటే వేడి పొగ కప్లర్‌ని తినేస్తుంది. పైపు వెనక భాగాన్ని రబ్బరు మీద ఆనించాలి కానీ బాడీకి గట్టిగా బిగించకూడదు. బిగిస్తే వైబ్రేషన్‌కి హెడర్ వెల్డింగ్ పగులుతుంది. పగిలితే అల్యూమినియంకి ఆర్గాన్ వెల్డింగ్ చేసే షాపుకే ఇవ్వండి, గ్యాస్ వెల్డింగ్‌తో పలచని గొట్టం కరిగి కూర్చుంటుంది. ప్రెషర్ నిపుల్ పైపు అన్నిటికన్నా లావుగా ఉండే చోట ఉండాలి.

ఇప్పుడు కోత. నీడిల్ బాగా రిచ్‌గా పెట్టి మొదలుపెట్టండి. పీక్ చూసి, రాసుకుని, ఆపండి. చల్లారాక హెడర్ కొసను హాక్సా బ్లేడుతో 5 మిల్లీమీటర్లు కోయండి. ఆకురాయితో అంచు నున్నగా చేసి, లోపలి పొట్టు తుడిచి మళ్ళీ బిగించండి. అదే ప్రొపెల్లర్, అదే ఇంధనం, వీలైతే అదే పూట. పీక్ పెరిగితే మళ్ళీ కోత. రెండు కోతలకూ తేడా పెద్దగా లేదనిపించగానే ఆపేయండి. ఇంకొక్కసారి చూద్దామనిపించే చోటే హెడర్లు పాడవుతాయి. నేల మీద కన్నా గాల్లో ప్రొపెల్లర్ మీద బరువు తగ్గి ఆర్‌పీఎం పెరుగుతుంది కాబట్టి నేల మీద సరిగ్గా సరిపోయిన పైపు గాల్లో కొంచెం పొడవే అవుతుంది.

గాల్లో పైపు పని చేయడం మొదలైన క్షణం ఎవరికైనా తెలుస్తుంది. శబ్దం ఒక మెట్టు ఎక్కుతుంది, విమానం ఒక్క గుంజు గుంజుతుంది. ఆ క్షణంలో ఇంజన్ తాగే గాలి పెరిగి మిశ్రమం లీన్ వైపు జరుగుతుంది. నేల మీద నీడిల్ రిచ్‌గా వదలమనేది అందుకే. మొదటి ఎగరవేతలో పొగ గీత కనబడకపోతే వెంటనే థ్రాటిల్ తగ్గించి దింపేయండి.

రోహిణి కార్తెలో ఒకటి, సంక్రాంతికి ఒకటి

43 డిగ్రీల గాలి 25 డిగ్రీల గాలి కన్నా దాదాపు 6 శాతం పలచన. మే నెల మధ్యాహ్నం సెట్ చేసిన నీడిల్ ఆ పలచని గాలికి సరిపడేది. అదే సెట్టింగ్‌తో డిసెంబరు, జనవరి పొద్దున్నే ఎగరేస్తే గాలి చిక్కగా ఉంటుంది, ఇంధనం పాతంతే ఉంటుంది, ఇంజన్ లీన్ అవుతుంది. చలికాలంలో నీడిల్ తెరవాలి. వేసవిలో మూయొచ్చు కానీ పూర్తిగా మూయకండి, చల్లదనం కోసం ఓ క్లిక్ రిచ్‌గానే ఉంచండి.

వేడి కొలవాలనుకుంటే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ మెరిసే అల్యూమినియం మీద తక్కువ చూపిస్తుంది. సైలెన్సర్ మీద రూపాయి బిళ్ళంత చోట వేడికి తట్టుకునే నల్ల పెయింటు వేసి, ఎప్పుడూ అక్కడే కొలవండి. మొత్తం అంకె కన్నా రోజుకీ రోజుకీ తేడా ముఖ్యం.

సముద్రం దగ్గరుండేవాళ్ళకు ఇంకో మాట. మెథనాల్ గాల్లోని తేమను తాగేస్తుంది. అక్టోబరు నుంచి వానలు పడే నెలల్లో డబ్బా మూత వదులుగా ఉంచితే నీడిల్ రోజుకో చోట సెట్ అవుతుంది. అప్పుడు సైలెన్సర్‌ని తిట్టకుండా కొత్త డబ్బా తెరిచి చూడండి.

శుభ్రం చేయడం, దాచడం

రోజు అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, లైనులో మిగిలిన ఇంధనం కూడా కాలిపోయేదాకా ఇంజన్ నడపండి. ఆఫ్టర్ రన్ ఆయిల్ రెండు మూడు చుక్కలు కార్బురేటర్లో, ఇంకో రెండు గ్లో ప్లగ్ రంధ్రంలో వేసి ప్రొపెల్లర్ తిప్పండి. ఉప్పు గాలికి ముందు తుప్పు పట్టేది లోపలి బేరింగులే. సైలెన్సర్‌ని మూతి కిందికి పెట్టి నూనె కారనివ్వండి.

లోపల లక్క పేరుకుంటే ఇంజన్ కూలెంట్లో నానబెట్టి, పొయ్యి సన్నగా పెట్టి, మరగనివ్వకుండా రెండు మూడు గంటలు వెచ్చచేస్తే ఊడి వస్తుంది. ఆరుబయట చేయండి. దానికి వాడిన గిన్నె మళ్ళీ వంటింట్లోకి పోకూడదు, కూలెంట్ కూడా విషమే. రబ్బరు, సిలికాన్ భాగాలన్నీ ముందే తీసేయండి. బయటికి తీసి వేడి నీళ్ళతో కడిగి ఆరబెట్టాక, లోపల ఒత్తిడి దారి మునుపటి కన్నా తేలికైందని మర్చిపోకుండా నీడిల్ రెండు మూడు క్లిక్‌లు తెరిచి, బేస్ రీడింగ్ కొత్తగా తీసుకోండి.